తడియు రాపిడియు: దాచుకొనరాని చర్మబాధ

స్త్రీలు తమ శరీరబాధలలో కొన్నింటిని నోరు విప్పి చెప్పుదురు; కొన్నింటిని చెప్పరు. తలనొప్పి వచ్చినచో ఇంటిల్లిపాదికిని తెలియును. తొడలు రాచుకొని మండినను, రొమ్ముల క్రింద చెమట నిలిచి ఎఱ్ఱబారినను, లంగా నాడా నడుమును కోసినను, ఆ సంగతి కట్టుకొన్న చీరకు తప్ప మఱియొకరికి తెలియదు. ఇది మొదట చిన్న బాధయే. ఆ దినములలో శ్రద్ధ వహించినచో ఇంటనే నయమగును. దాచినకొలది పెద్దదగును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల స్త్రీల దినచర్యను చూచినచో ఈ బాధ యెట్లు పుట్టునో సులభముగా బోధపడును. కోరుట్ల చుట్టుపట్ల ఎందఱో స్త్రీలు ఇంటివద్ద బీడీలు చుట్టి జీవింతురు. ఒడిలో చేట పెట్టుకొని, తడిపిన తునికాకు కత్తిరించుచు, గంటలతరబడి ఒకే తీరున కూర్చుండుటచే తొడలసందులకు గాలి సోకదు. సిరిసిల్లలో మరమగ్గములకు కండెలు చుట్టు స్త్రీలు వేసవి ఉక్కలోను పని మానరు. జగిత్యాల పొలములలో నాట్లు వేయు స్త్రీల పాదములు ప్రొద్దుటినుండి సాయంకాలము వఱకు బురదనీటిలో నానుచుండును. ఎండ 45 డిగ్రీలకు చేరు దినములుగల ఈ సీమలో పొయ్యి యెదుట నిలుచు గృహిణికిని చెమట తప్పదు. పనులు వేఱు, బాధ యొక్కటే.

మెడ, చంకలు, రొమ్ముల క్రింది భాగము, పొట్ట మడత, గజ్జలు, కాలివ్రేళ్ళ సందులు మొదలగు చోట్ల చర్మము చర్మమునకు ఆనుకొని యుండును గాన చెమట ఆరదు. ఆరని తడిచే పైపొర నానిన కాగితమువలె మెత్తబడును. నడచునపుడు అది రాచుకొని లేచిపోవును. అంతట ఎఱుపు, మంట, దురద కలుగును. వెచ్చగను తడిగను ఉన్న ఆ చోట బూజుజాతి సూక్ష్మజీవులు సుఖముగా పెరుగును. కావున తడిని తొలగించుట, రాపిడిని తగ్గించుట, ఈ రెండే చికిత్సకు మూలములు. మందు మూడవది.

ఆ చోటును దినమునకు రెండుసారులు చల్లని నీటితోగాని గోరువెచ్చని నీటితోగాని కడుగవలెను. ఘాటైన సబ్బును, పీచును వాడరాదు. పిమ్మట మెత్తని నూలు తువాలుతో అద్దవలెనే గాని రుద్దరాదు. వెంటనే బట్ట కట్టక, తలుపు వేసికొని, పది నిమిషములు గాలికి ఆరనీయవలెను. ఈ పది నిమిషములే సగము వైద్యము. తరువాత, ఉతికి యెండలో ఆరవేసిన పాత నూలుచీర ముక్కను మడిచి రొమ్ముల క్రిందను, పొట్ట మడతలోను ఉంచి, తడిసినపుడెల్ల మార్చుచుండవలెను. తొడలు రాచుకొనువారు చీరలోపల మోకాళ్ళవఱకు వచ్చు వదులైన నూలు లాగు తొడిగినచో మిక్కిలి సుఖముగా నుండును. పైచీర పాలియెస్టరుదైనను కానిండు. చర్మమునకు తగులు బట్ట మాత్రము చెమటను పీల్చు నూలుదై యుండవలెను. ఎఱ్ఱబారిన చోట జింకు ఆక్సైడు లేపనమును పలుచగా పూసినచో అది తడికి అడ్డుగా నిలుచును.

నాట్లకు పోవు స్త్రీలు ఇంటికి రాగానే కాళ్ళు కడిగికొని, ప్రతి వ్రేలిసందును పొడిబట్టతో అద్ది, రాత్రియంతయు పాదములను పొడిగా నుంచుకొనవలెను. పగలు నానిన చర్మము రాత్రి ఆరినచో తిరిగి కోలుకొనును.

ఇక చేయరాని పనులు. కోరుట్ల, మెట్‌పల్లి సీమ పసుపు పంటకు పేరుగన్నది. ఐనను చిట్లిన చర్మముపై పసుపుముద్ద మెత్తరాదు. అది ఎండి పెళుసై తానే రాపిడికి కారణమగును. సున్నము, నిమ్మరసము పుండును మఱింత మండించును. పౌడరు చల్లినచో చెమటతో కలిసి ఉండలుకట్టి ఇసుకవలె ఒరయును.

అన్నిటికంటె జాగ్రత్తపడవలసిన దొకటి కలదు. పిల్లవానిని మందుల దుకాణమునకు పంపి “దురద మందు” తెప్పించుకొను వాడుక మన యిండ్లలో మిక్కుటము. అట్లు వచ్చు లేపనములలో పెక్కింట స్టెరాయిడు కలిసి యుండును. పూసిన ఒకటి రెండు దినములలో దురద అణగును; గృహిణి సంతసించును. బూజు మాత్రము చావక లోలోపల వ్యాపించుచుండును. మడతలలోని లేతచర్మము పలుచనై చారలు పడును. ఆ చారలు పూర్తిగా పోవు. ఇట్టి స్టెరాయిడు లేపనములు పదునాలుగింటిని వైద్యుని చీటీ లేక అమ్మరాదని 2018 లో కేంద్రప్రభుత్వము నియమము చేసినది. ఇరుగుపొరుగువారు వాడి మిగిల్చిన మందును పూసికొనుటయు తగదు.

పసిపిల్లల మెడమడతలలో పాలును, చొంగయు నిలిచి ఎఱ్ఱబారుచుండును. పాలిచ్చిన తరువాత తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో అద్దవలెను. డైపరు తొడుగు తల్లులు దానిని తఱచుగా మార్చి, దినమునకు కొంతసేపైనను బిడ్డను అది లేకుండ నుంచవలెను. పౌడరు పొడి ఊపిరితో లోపలికి పోవును గాన బిడ్డకు చల్లకుండుట మేలు.

నడుము విషయము వేఱుగా చెప్పవలసియున్నది. సంవత్సరములకొలది ఒకే చోట బిగించి కట్టిన నాడా క్రింద చర్మము నల్లబడి, దళసరియై, ఒక్కొకప్పుడు పుండగును. ధోవతి బిగించు నడుము చోట పుట్టు క్యాన్సరును గుఱించి బొంబాయిలోని ఖానోల్కరు, సూర్యాబాయి అను పరిశోధకులు 1945 లోనే వ్రాసిరి. తరువాత చీర కట్టు స్త్రీలలోను అట్టిదే కానవచ్చినది. ఇది అరుదు; భయపడ నక్కఱలేదు. సన్నని నాడాకు బదులు వెడల్పాటి పట్టీ వేసికొని, ముడిని వదులు చేసి, కట్టు చోటును మార్చుచుండినచో చాలును. నడుముపై పుండు కొన్ని వారములైనను మానకున్నచో వైద్యునికి తప్పక చూపవలెను.

వారము, పది దినములు శ్రద్ధగా పొడిగా నుంచినను తగ్గనిచో, చీముగాని దుర్వాసనగాని జ్వరముగాని కలిగినచో, ఎఱ్ఱని మచ్చ చుట్టును చిన్నచిన్న పొక్కులు లేచినచో గృహచికిత్సను ఆపి వైద్యునియొద్దకు పోవలెను. మాటిమాటికి తిరుగబెట్టుచున్నచో రక్తములోని చక్కెరను పరీక్షింపించుకొనవలెను. మధుమేహము ఈ రూపమున బయటపడుట కలదు. ఇందుకై దూరము పోనక్కఱలేదు. జగిత్యాలలో 2022 లోను, సిరిసిల్లలో 2023 లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. అంతవఱకు పోలేనివారు తమ యూరి ఆశా కార్యకర్తతో చెప్పుకొనవచ్చును, ఆమెయు స్త్రీయే.

సోదరీమణులారా, చెమటపట్టుట తప్పు కాదు. అది కష్టించు శరీరమునకు సహజము. ఇంటి పెద్దదియైన అత్తగారు, కోడలు కాళ్ళు ఎడముచేసి నడచుటను చూచినచో ఏమని తెలిసికొని, ఆమెకు పది నిమిషముల విరామమును, ఒక పొడిబట్టను ఇచ్చునుగాక. సిగ్గు తొలగిన యింట ఈ వ్యాధికి నిలువ చోటుండదు.