ఏకగ్రీవం వెనుక: శాసనసభాపతి ఎన్నిక విధానం – సంస్కరణావకాశాలు

2024 జూన్ 22న ఆంధ్రప్రదేశ్ శాసనసభ చింతకాయల అయ్యన్నపాత్రుడిని సభాపతిగా ఏకగ్రీవంగా ఎన్నుకొంది. ఆ రోజు వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ సభ్యులు సభకు హాజరు కాలేదు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగం నుంచి చూస్తే ఈ ఏకగ్రీవం కొంత వింతగా కనిపిస్తుంది. మంత్రాలయానికి ఒక పక్క ఎమ్మిగనూరు, మరో పక్క ఆదోని నియోజకవర్గాలు ఉన్నాయి. ఆ ఏడాది ఎన్నికల్లో మంత్రాలయం వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌ను, ఎమ్మిగనూరు తెలుగుదేశాన్ని, ఆదోని భారతీయ జనతా పార్టీని గెలిపించాయి. ఇరుగుపొరుగు ఓటర్లు మూడు దారుల్లో నడిచారు. వారి ప్రతినిధులు సభకు చేరేసరికి సభాపతి ఎవరన్నది ముందే తేలిపోయి ఉంది.

‘ఏకగ్రీవం’ అనే మాటను నిదానించి చూడవలసి ఉంది. గ్రీవం అంటే మెడ. అందరి గొంతూ ఒక్కటే అయిందన్న అర్థంలో ఈ పదం వాడుకలో స్థిరపడింది. మెడలన్నీ ఒకేవైపు ఊగినప్పుడు గొంతులు కూడా కలిశాయని చెప్పడానికి పదంలో ఆధారమేమీ లేదు. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2014లో కోడెల శివప్రసాదరావు, 2019లో తమ్మినేని సీతారాం, 2024లో అయ్యన్నపాత్రుడు వరుసగా పోటీ లేకుండానే ఆ స్థానానికి వచ్చారు. 2019లో అభిప్రాయ భేదం ఎన్నికలో బయటపడలేదు. కొత్త సభాపతిని ఆసనం వరకు తోడ్కొని వెళ్లే మర్యాదలో ప్రతిపక్ష నాయకుడు పాల్గొనకపోవడం వివాదమైనప్పుడు మాత్రమే బయటపడింది. ఓటుగా వ్యక్తం కావలసిన భేదం మర్యాద దగ్గర వ్యక్తమైంది.

రాజ్యాంగం 178వ అధికరణం శాసనసభ తన సభ్యుల్లో ఇద్దరిని సభాపతిగా, ఉపసభాపతిగా ఎన్నుకోవాలని చెబుతుంది. ఎలా ఎన్నుకోవాలో చెప్పదు. ఆ పని 208వ అధికరణం కింద సభ రూపొందించుకొనే నియమావళిది. తొలగింపు విషయంలో మాత్రం రాజ్యాంగం ఎంతో జాగ్రత్త వహించింది. 179వ అధికరణం ప్రకారం పద్నాలుగు రోజుల ముందస్తు నోటీసు ఉండాలి, అప్పటి మొత్తం సభ్యుల్లో అధిక సంఖ్యాకుల ఆమోదం ఉండాలి. దించడానికి ఇంత కట్టుదిట్టం చేసిన రాజ్యాంగం ఎక్కించడాన్ని సభ విజ్ఞతకు వదిలింది. ఆచరణలో ఆ విజ్ఞత అధికార పక్ష నాయకత్వం చేతికి చేరింది. నామినేషన్ ఒక్కటే దాఖలైనప్పుడు ఓటింగ్ నియమాలు ఎంత మంచివైనా వాటికి పని పడదు.

పోటీ జరిగితే సభాపతి స్థానానికి చిన్నతనమనే భావన బలంగా ఉంది. చరిత్ర దీనిని సమర్థించదు. 1925లో కేంద్ర శాసనసభ అధ్యక్ష ఎన్నికలో విఠల్‌భాయ్ పటేల్ 58 ఓట్లు పొంది, 56 ఓట్లు వచ్చిన టి. రంగాచారిపై గెలిచారు. తటస్థ అధ్యక్షుడిగా ఆయన పేరు నేటికీ నిలిచింది. మరింత దగ్గరి ఉదాహరణ 1967 నాటి లోక్‌సభ. అక్కడ పోటీ పడిన ఇద్దరూ తెలుగువారే. నీలం సంజీవరెడ్డికి 278 ఓట్లు, ప్రతిపక్షాలు నిలబెట్టిన తెన్నేటి విశ్వనాథానికి 207 ఓట్లు వచ్చాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో వీరిద్దరూ సహచరులు. బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న ఆదోని తాలూకా తెలుగు రాష్ట్రంలోకి వచ్చిందీ ఆ రోజునే. ఎన్నికైన వెంటనే సంజీవరెడ్డి కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. 1977లో నంద్యాల నుంచి గెలిచి, ఈసారి ఏకగ్రీవంగా మళ్లీ సభాపతి అయ్యారు. పోటీపడి గెలిచిన సందర్భంలోనే పార్టీ బంధాన్ని తెంచుకొన్నారన్నది గమనార్హం. అయితే ఆ ఉదాహరణను మరీ పైకెత్తకూడదు. 1969లో ఆయన కాంగ్రెస్ అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి సభాపతి స్థానాన్ని వదులుకొన్నారు.

సభాపతి ఎన్నిక సాధారణ ఓటరుకు దూరపు విషయంగా తోస్తుంది. 1985లో పదవ షెడ్యూలు వచ్చాక అది దూరపు విషయం కాదు. పార్టీ మారిన సభ్యుడి అనర్హతను నిర్ణయించేది సభాపతే. 2014–19 మధ్య వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ నుంచి 23 మంది శాసనసభ్యులు అధికార పక్షంలో చేరారు. వారిలో కర్నూలు జిల్లా వారూ ఉన్నారు. నలుగురు 2017లో మంత్రులయ్యారు. ఆ సభ కాలం ముగిసేవరకు వారిపై అనర్హత వేటు పడలేదు. ఒక పార్టీకి వేసిన ఓటు మరొక పార్టీ ఖాతాలో ఐదేళ్లు నిలిచి ఉండవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం సభాపతి బల్లమీదే ఆగిపోయింది. తెలంగాణలోనూ ఇదే పరిస్థితి ఏర్పడి, పదిమంది శాసనసభ్యుల విషయంలో మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు ఆ సభాపతిని ఆదేశించవలసి వచ్చింది. 2024లో 11 స్థానాలకు పరిమితమైన పక్షం తన నాయకుడికి ప్రతిపక్ష నాయకుడి గుర్తింపు కోరినప్పుడు కూడా లేఖ వెళ్లింది సభాపతికే. మంత్రాలయం ప్రతినిధి ఆ పదకొండు మందిలో ఒకరు.

1992లో కిహొటో హొల్లొహాన్ కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం 3–2తో సభాపతి అధికారాన్ని నిలబెట్టింది. భిన్నాభిప్రాయం వ్యక్తం చేసిన న్యాయమూర్తులు ఎల్.ఎం. శర్మ, జె.ఎస్. వర్మ చూపిన లోపం సూటిది: నిరంతరం సభలోని ఆధిక్యంపై ఆధారపడిన పదవి స్వతంత్ర నిర్ణేత స్థానానికి తగదు. మూడు దశాబ్దాల అనుభవం ఆ అల్పసంఖ్యాక అభిప్రాయానికే బలం చేకూర్చింది.

సంస్కరణకు నమూనా బ్రిటిష్ కామన్స్ సభలో ఉంది. 2009లో జాన్ బెర్కోను ఎన్నుకొన్నప్పటి నుంచి అక్కడ రహస్య ఓటు అమల్లో ఉంది. ఎవరికీ సగానికి మించి రాకపోతే వెనుకబడిన అభ్యర్థులను తప్పించి మళ్లీ ఓటు వేస్తారు. అంతకన్నా ముఖ్యమైనది నామినేషన్ నియమం. అభ్యర్థిని 12 నుంచి 15 మంది బలపరచాలి, వారిలో కనీసం ముగ్గురు అభ్యర్థి పార్టీకి చెందనివారై ఉండాలి. తెలుగు రాష్ట్రాలకు అవసరమైన మార్పు మొదట ఇక్కడే. ఇతర పక్షాల సంతకం లేనిదే నామినేషన్ చెల్లదంటే, అధికార పక్షం తన అభ్యర్థిని ఎంచుకొనేటప్పుడే ఎదుటి బల్లల వైపు చూడవలసి వస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మిత్రపక్షాల సంతకంతో నియమం అక్షరాలా నెరవేరి, స్ఫూర్తి ఆవిరైపోవచ్చు. కాబట్టి ‘ఇతర పక్షం’ అంటే ప్రభుత్వంలో భాగస్వామి కాని పక్షమని నిర్వచించాలి.

రహస్య ఓటుపై అభ్యంతరం తేలికైనది కాదు. చాటున వేసే ఓటు బేరసారాలకు దారితీస్తుందన్న భయంతోనే రాజ్యసభ ఎన్నికల్లో 2003లో బహిరంగ ఓటు తెచ్చారు. మహారాష్ట్ర కూడా 2021 డిసెంబరులో సభాపతి ఎన్నికలో రహస్య ఓటును రద్దు చేసింది. ఏడు నెలలు తిరగకముందే ప్రభుత్వం మారి, ఆ కొత్త నియమం కిందనే 164–107తో ప్రత్యర్థుల అభ్యర్థి రాహుల్ నార్వేకర్ గెలిచారు. బహిరంగ ఓటు విప్‌ను కాపాడుతుంది, విప్ జారీ చేసే చేతులు మారకుండా కాపాడలేదు. మండల పరిషత్ అధ్యక్ష ఎన్నికలో చేతులెత్తే పద్ధతిని, దాని చుట్టూ నడిచే శిబిర రాజకీయాలను ఎరిగిన మంత్రాలయం ప్రాంత ఓటరుకు ఈ సంగతి వివరించనవసరం లేదు. పైగా సభాపతి ఎన్నికతో ప్రభుత్వం పడిపోదు. విప్ అవసరం అతి తక్కువగా ఉండవలసిన ఓటు ఇది.

ఎన్నిక తరువాతి దశ మరింత చిక్కైనది. కోయిలకుంట్లకు చెందిన బి.వి. సుబ్బారెడ్డి 1962 నుంచి 1971 వరకు సభాపతిగా ఉండి ఉపముఖ్యమంత్రి అయ్యారు. ఎన్. కిరణ్‌కుమార్ రెడ్డి 2010లో సభాపతి ఆసనం నుంచి నేరుగా ముఖ్యమంత్రి పీఠానికి వెళ్లారు. వ్యక్తుల నిజాయితీని శంకించనవసరం లేదు. తరువాతి పదవి ఇచ్చేది పార్టీయే అయినప్పుడు తటస్థత వ్యక్తి స్వభావంపై ఆధారపడుతుంది, వ్యవస్థపై కాదు. పదవ షెడ్యూలు ఐదవ పేరా ఇందుకు కొంత వెసులుబాటు కల్పించింది. ఎన్నికైన సభాపతి ఆ కారణంగా పార్టీని వీడితే అనర్హత వర్తించదు, పదవి ముగిశాక తిరిగి చేరవచ్చు. తలుపు తెరిచే ఉంది, కానీ దాటి తీరాలన్న నిబంధన లేదు.

అనర్హతల నిర్ణయాన్ని స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించే విషయం పార్లమెంటు పరిశీలించాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు సూచించింది. దానికి రాజ్యాంగ సవరణ కావాలి. పార్టీని వీడడం తప్పనిసరి చేయడానికీ అంతే. నామినేషన్‌పై ఇతర పక్షాల సంతకం, రహస్య ఓటు – ఈ రెండింటికి మాత్రం ఢిల్లీ వైపు చూడనవసరం లేదు. శాసనసభ తన నియమావళిని తానే సవరించుకొంటే సరిపోతుంది.