వార్తల్లో పదం: మెగావోల్ట్

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చేచోట 6 ఎంవీ, 15 ఎంవీ అన్న మాటలు వినిపిస్తాయి. ఎంవీ అంటే మెగావోల్ట్, అంటే 10 లక్షల వోల్టులు. లీనియర్ యాక్సిలరేటర్ పుట్టించే ఎక్స్‌రే కిరణాల శక్తిని ఇలా చెబుతారు.

ఈ క్యాన్సర్ పొత్తికడుపు లోతున ఉంటుంది. కోబాల్ట్ యంత్రపు కిరణాల మోతాదు చర్మం కింద అర సెంటీమీటరుకే గరిష్ఠానికి చేరుతుంది. 6 ఎంవీకి ఆ లోతు సుమారు 1.5, 15 ఎంవీకి దాదాపు 3 సెంటీమీటర్లు. అందుకే నాలుగు వైపుల నుంచి కిరణాలిచ్చే పాత పద్ధతిలో, ముఖ్యంగా స్థూలకాయులకు, ఎక్కువ శక్తి వైపే వైద్యులు మొగ్గుతారు.

మరి 15 ఎప్పుడూ మేలేనా? కాదు. 10 దాటాక యంత్రంలోని లోహభాగాల నుంచి న్యూట్రాన్లు వెలువడతాయి. రోగికి అది అక్కరలేని రేడియేషన్.

అనేక కోణాల్లో కిరణాల తీవ్రతను మార్చే ఐఎంఆర్‌టీలో సాధారణంగా 6 ఎంవీయే చాలు. పేగులు, మూత్రాశయంపై పడే మోతాదునూ అదుపులో ఉంచవచ్చు. తమ ఆసుపత్రిలో 15 లేదని ఎవరూ బెంగపడనక్కర్లేదు. లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీని మాత్రం వైద్యులు సూచిస్తే మధ్యలో మానకూడదు.