గాయం అరచేతిలో, మత్తు సూది మణికట్టుకు.. ఎందుకు?

అరచేయి తెగి క్యాజువాలిటీకి వెళ్తే డాక్టర్ మణికట్టు దగ్గర సూది వేయొచ్చు. కంగారు పడకండి. చేతికి స్పర్శనిచ్చే మీడియన్, అల్నార్, రేడియల్ నరాలు అటుగానే వెళ్తాయి. గాయం ఎక్కడుందో చూసి, ఆ నరం పక్కన లిగ్నోకెయిన్ ఇస్తే కొద్ది నిమిషాల్లో ఆ భాగం మొద్దుబారుతుంది. అరచేతి చర్మం మందం. గాయం చుట్టూ నాలుగైదు సూదులు పొడిపించుకోవడం నిజంగా నరకమే.

అసలు జాగ్రత్త సూదికి ముందే. ఏ వేలి కొనకైనా స్పర్శ తెలియకపోతే అప్పుడే చెప్పండి. మత్తు ఎక్కాక ఆ తిమ్మిరి మందు వల్లనో, నరం తెగడం వల్లనో తేల్చలేరు. మత్తు మందు గతంలో పడకపోతే అదీ చెప్పాలి. సూది వేస్తుండగా వేళ్లలోకి కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటే ఓర్చుకోకండి, వెంటనే ఆపమనండి. స్పర్శ తిరిగి వచ్చేందుకు గంట, రెండు గంటలు పట్టొచ్చు. అప్పటిదాకా ఆ చేత్తో వేడి టీ గ్లాసు పట్టుకోవద్దు.