సూది ఎరుపు వైపు వెళ్తోందా? పాత మారుతి 800 ఎందుకు వేడెక్కుతుందంటే..

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా అబ్బాజాన్ కొన్న ఆ బండి చాలా ఇళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది. పెళ్లికైనా, జియారత్‌కైనా, ఈద్‌కు ఊరెళ్లాలన్నా ఇంటిల్లిపాదీ అందులోనే. చిక్కల్లా ఎండాకాలంలో వస్తుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న పది నిమిషాలకే టెంపరేచర్ సూది పైకి లేస్తుంది. పట్టించుకోకపోతే బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలవుతుంది.

అప్పుడు బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. లోపల పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ముందు వాళ్లను దింపి నీడలో కూర్చోబెట్టాలి. చాలామంది కంగారులో చేసే పని రేడియేటర్ మూత తిప్పడం. అది మాత్రం అస్సలు చేయొద్దు. లోపలి నీళ్లు ప్రెషర్‌లో ఉంటాయి కాబట్టే 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత వదులవ్వగానే ప్రెషర్ పోయి, ఒక్కసారిగా మరిగి మొహం మీదకు చిమ్ముతాయి. గుడ్డ చుట్టి తీస్తే ఏం కాదులే అనుకుని చేతులు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. రేడియేటర్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మూత జోలికి వెళ్లాలి. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరించినా ప్రమాదమే, హెడ్ పగలొచ్చు.

ఇంతకీ తప్పు ఎక్కడుంది? బండి ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం తెలిసిపోతుంది. సిగ్నల్ దగ్గర వేడెక్కి, హైవే మీద పరుగెత్తగానే చల్లబడుతోందంటే అనుమానం ఫ్యాన్ మీదే. ఫ్యాన్ మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడమని మెకానిక్‌ని అడగండి. తిరిగితే మోటారు బాగానే ఉన్నట్టు, లోపం ఫ్యూజులోనో, రిలేలోనో, థర్మో స్విచ్‌లోనో, వైర్లలోనో ఉంటుంది. ఈ పరీక్ష చేయకుండానే కొత్త ఫ్యాన్ వేయించి డబ్బు పోగొట్టుకోవద్దు.

అదే హైవే మీద స్పీడులోనూ వేడెక్కుతుంటే కథ వేరు. కూలెంట్ తగ్గి ఉండొచ్చు, థర్మోస్టాట్ మూసుకుపోయి ఇరుక్కుని ఉండొచ్చు, రేడియేటర్ లోపల పాచి పట్టి ఉండొచ్చు. ఏళ్లతరబడి బోరు నీళ్లు పోసిన బండ్లకు ఈ మూడోది మామూలే. కొందరు మిస్త్రీలు థర్మోస్టాట్ తీసి పారేస్తారు. అప్పటికి వేడి తగ్గినట్టే ఉంటుంది గానీ, ఇంజిన్ ఎప్పుడూ సరిగ్గా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొత్తది వేయించుకోవడమే లెక్కకు లాభం.

వేడెక్కిన బండిని ఇంటిదాకా లాక్కొస్తే హెడ్ వంగి, గ్యాస్‌కెట్ పోతుంది. లీకేమీ కనబడకుండానే నీళ్లు తగ్గిపోవడం, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లటి పొగ, ఆయిల్ మూత కింద మీగడలాంటి జిడ్డు, ఇవన్నీ దాని గుర్తులు. వందల్లో పోయే పని అక్కడితో వేలల్లోకి వెళ్తుంది.

పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్ మని ఆగిపోవడం ఇంకో ఫిర్యాదు. కొత్త బ్యాటరీ కొనేముందు టెర్మినళ్ల మీది పొడి గీకించి, బిగించి చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజ్ 14 దరిదాపుల్లో లేకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఆల్టర్నేటర్‌ని చూపించాలి.

ఏ పార్ట్ మార్చినా పాతది తెచ్చి చూపించమని ఉస్తాద్‌ని ముందే అడగండి. నిజాయితీ ఉన్నవాళ్లు ఏమీ అనుకోరు.