ట్రాక్టరు పాటలో ఈల మోతా? ముందు ఎర్తు చూడండి

ట్రాక్టరుకు డెక్కు, ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు పెట్టించుకోవడం పల్లెల్లో మామూలైపోయింది. దమ్ములో పొద్దంతా సీటు మీద కూర్చునే మనిషికి ఆ పాటే తోడు, తప్పు పట్టాల్సింది లేదు. చిక్కంతా వైరింగుతోనే. బిగించిన కొన్నాళ్లకే ఈల మోత మొదలవుతుంది. ఆంప్లిఫయరు పాడైందనుకుని రైతు కొత్తది కొంటాడు. అందులోనూ అదే మోత!

ఇంజను రేసు పెంచేకొద్దీ ఈల కూడా సన్నగా పైకి లేస్తుంటే అది ఆల్టర్నేటరు నుంచి వస్తున్నట్టు. చాలాసార్లు దీనికి మూలం ఎర్తు వైరు. దగ్గర్లో దొరికిన ఏదో ఒక బోల్టుకు దాన్ని చుట్టేసి వదిలేస్తారు. ఆ బోల్టు కింద రంగు, తుప్పు, ఎండిన బురద. ఆంప్లిఫయరు ఎర్తు వైరు వీలైనంత పొట్టిగా, ప్లస్ వైరంత లావుగా ఉండాలి. ముందుగా బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీయండి. ఛాసిస్ మీద రంగును గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనపడేదాకా గీకి, వైరుకు లగ్గు వేసి బిగించి, పైన కాస్త గ్రీజు పూయాలి. డెక్కు ఎర్తు కూడా అదే బోల్టుకు తెస్తే మరీ మంచిది. రెండు ఎర్తులు వేర్వేరు చోట్ల ఉంటే వాటి మధ్య వోల్టేజీ తేడాయే ఈలగా వినపడుతుంది.

అయినా తగ్గలేదా? ఇంజను ఆపి, ఆంప్లిఫయరుకు వచ్చే ఎరుపు, తెలుపు పిన్నులు లాగేసి మళ్లీ స్టార్టు చేయండి. మోత ఆగితే లోపం డెక్కు వైపో, పిన్నుల వైరులోనో ఉన్నట్టు. ఆ వైరును ప్లస్ వైరుతో కలిపి కట్టకూడదు, రెండో పక్కనుంచి తేవాలి. గెయిన్ మరను వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తుంటారు, దాన్ని తగ్గించి చూడండి. గతుకుల్లో మాత్రమే టపటపమంటే ఎక్కడో అతుకు వదులైందన్నమాట.

ఈల సంగతి అటుంచండి, అసలు ప్రమాదం ప్లస్ వైరుతో. మడ్‌గార్డు అంచుకు రాసుకుని, ఇంజను అదురుకు దాని తొడుగు అరిగిపోతుంది. ఇనుముకు తగిలిందా, వైరు క్షణాల్లో ఎర్రగా కాలుతుంది. వెనక వరిగడ్డి ట్రక్కు ఉంటే చెప్పేదేముంది! అందుకే బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజు ఉండాలి. ఆంప్లిఫయరు మీది ఫ్యూజు ఆ పెట్టెను కాపాడుతుంది గానీ ఈ వైరును కాదు. రేకు కన్నాల్లోంచి పోయేచోట రబ్బరు వాషరు వేయించండి. ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టడం మాత్రం వద్దు.

ఇక బ్యాటరీ. నిజంగా 200 వాట్ల మోత ఇచ్చే మామూలు ఆంప్లిఫయరు పూర్తి జోరు మీద 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. మీ ఆల్టర్నేటరు ఎన్ని ఆంపియర్లో దాని ప్లేటు మీద చూసుకోండి, లైట్లకూ అందులోంచే పోవాలి. ఆంప్లిఫయరును మేలుకొలిపే సన్న వైరును డెక్కు నుంచి వచ్చే నీలం వైరుకు కలపాలి. కొందరు నేరుగా బ్యాటరీకే కలిపేస్తారు. రాత్రంతా అది మేలుకునే ఉంటుంది, తెల్లారి సెల్ఫ్ అందుకోదు. నీటి వంతు రోజున ఇలా జరిగితే ఎంత నష్టమో రైతుకు తెలుసు.

మోటార్లు బాగుచేసే వారి దగ్గర మీటరు ఉంటుంది. రాత్రంతా ఆగిన ట్రాక్టరు బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో, ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. ఆగి ఉన్నప్పుడు 12కు దిగితే పాట ఆపి, ముందు ఛార్జింగు చూపించండి.