బందరు సెయింట్ మేరీ దేవాలయము

బందరు పేటల పేళ్లే ఆ పట్టణ చరిత్రకు మొదటి పుటలు. వలందపాలెము డచ్చివారిని, పరాసుపేట ఫ్రెంచివారిని, ఇంగ్లీషుపాలెము ఆంగ్లేయులను జ్ఞప్తికి దెచ్చును. 1611లో ఇచట వర్తకశాల నెలకొల్పిన ఆంగ్లేయులు 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి కోటను పట్టుకొన్న పిమ్మట ఏలికలైరి. వర్తకుల వెంట సైనికులును, వారితో వారి గుడియు వచ్చినవి. ఆ కాలపు గుర్తులలో సెయింట్ మేరీ దేవాలయ మొకటి.

ఈ గుడి పుట్టుకకు ఒక మరణము కారణము. కంపెనీ సేనాని జాన్ పేటర్ ప్రేమించిన అరబెల్లా రాబిన్సన్ 1809లో మరణించెను. ఆమెను శ్మశానవాటికలో ఖననము చేయుటకు అభ్యంతరము రాగా, ఆయన ఆమె సమాధిపైననే గుడి కట్టించెనని బందరు ప్రజలు చెప్పుకొందురు. కథ నోటినోట ఎంత పెరిగినను, గుడిలో ఆమె సమాధి యున్నమాట నిజము. ఇంగ్లండు పల్లెలలోని గుళ్లయందును నేలలో సమాధులు, గోడలకు స్మారక ఫలకములు కాననగును.

ఆంగ్ల సంఘపు గుడిలోని సామగ్రి కొక వరుస కలదు. పడమటి ద్వారమునకు చేరువగా బాప్తిస్మపు తొట్టి నుంచుట వాడుక. బాప్తిస్మము సంఘములో ప్రవేశము గదా! 1604 నాటి నియమములు ప్రతి గుడికిని రాతి తొట్టియు, ప్రసంగ వేదికయు ఉండవలెనని విధించినవి. వేదిక ఎత్తుగా నుండుట ఆడంబరమునకు గాదు. మైకు లేని దినములలో కడపటి వరుసలోనివారికిని మాట వినబడవలెను. రేడియో వినుచున్న మనకు ఆ కష్టము తెలియదు. కొన్ని వేదికలపై నుండు చెక్కకప్పు మీదికి పోవు ధ్వనిని క్రిందికి మరలించును. తూర్పుకొనను ప్రభు భోజనపు బల్ల యుండును. ఇట్లు ద్వారమునుండి బల్లవరకు నడచుట విశ్వాసి జీవితక్రమమును నడచుటయే.

వీనితోపాటు గుడి పెట్టెలో దాచు పుస్తకము గూడ విలువైనదే. బాప్తిస్మములను, వివాహములను, ఖననములను వ్రాసియుంచవలెనని ఇంగ్లండులో 1538లో ఉత్తరువాయెను. రాజుల చరిత్రలో చోటు దొరకని సామాన్యుని పేరు అందు దొరకును.

బందరు తీరమున ఇట్టి వ్రాతలకు విలువ హెచ్చు. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో ఊళ్లకు ఊళ్లే కొట్టుకొనిపోయెను. మనుష్యులు, కాగితములు, ఇండ్లు పోయినచోట రాతిమీది అక్షరమే తుది సాక్షి. ఆ సాక్షికిని శత్రువులు కలరు. ఉప్పుగాలి సున్నమును రాల్చును. మేలుతలచి వేసిన రంగు అక్షరములను కప్పివేయును.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది మొదలు ఇట్టి గుళ్లు మనవారి చేతిలోనివి. అందు నిదురించువారు పరదేశీయులైనను, వారి జ్ఞాపకమును కాపాడు భారము మనది. మీ యూరి పాత గుడియైనను, మసీదైనను, కోవెలయైనను సరియే. సున్నము కొట్టించుటకు ముందు అందలి శాసనములను, ఫలకములను చదివి నకలు వ్రాసికొనుడు, ఛాయాచిత్రములు తీయించుడు. ఒక్క పూట పనితో రెండువందల యేండ్ల మాట నిలుచును.