బండి నంబరు కొడితే బీమా సంగతి ఎలా తెలుస్తుంది?

కాటేదాన్ పారిశ్రామికవాడ నుంచి సరుకుతో శంషాబాద్ వైపు వెళ్తున్న ట్రాలీ ఆటోను పోలీసు ఆపాడనుకోండి. కాగితాలు వెతకకుండానే, బండి నంబరు కొట్టి బీమా గడువు చూడవచ్చు. ఎలాగంటే, బీమా కంపెనీల నుంచి పాలసీ వివరాలు కేంద్ర రవాణా శాఖ ‘వాహన్’ డేటాబేస్‌కు చేరతాయి. అక్కడ కనబడకపోతే? ఫోన్‌లో పాలసీ చూపించవచ్చు. 2018లో సవరించిన నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి.

ఇంత తనిఖీ ఎందుకు? గుద్దిన బండికి బీమా లేకపోతే దెబ్బతిన్నవాళ్లకు పరిహారం అందడం కష్టం. అందుకే 1988 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది.

మరి మన గుట్టు? బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో వేరేవాళ్ల బండి నంబరు కొడితే యజమాని పేరులో కొన్ని అక్షరాల బదులు చుక్కల గుర్తులే కనిపిస్తాయి. సబబే! బీమా ఉందో లేదో తెలియాలి గానీ, ఇల్లెక్కడో దారినపోయేవాళ్లకెందుకు? పాలసీ ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు మాత్రం చిరునామా, ఇంజిన్ నంబరు, నామినీ పేరుతో సహా పంచేస్తున్నారు.